ఏరు అంటే నీళ్లు

మేడారం జాతర ముగిసి జనం ఇళ్లకు మళ్లిన తర్వాత మా వైపు చదువుకున్న యువకులు నలుగురు మా దగ్గరికి వచ్చారు. నలుగురూ ఆదివాసీలే. అందులో ఇద్దరు డీఎడ్ చదువుతున్నారు. "సార్, అడవి లోపల గుత్తికోయల గూడెంల చర్చివాళ్లు చిన్నపిల్లల బడి పెట్టిండ్రు. మూడేండ్ల పిల్లల్ని కూసోబెట్టి మతం మారుస్తుండ్రు. మన పుస్తకంల గట్టిగ రాయాలె" అన్నారు.

చూడకుండా రాయడం మాకు చేతకాదు. చూడకుండా ఆ యువకుల మాట కొట్టిపారేయడమూ చేతకాదు. అందుకే రెండో శనివారం మా బడికి సెలవు చూసుకొని బయల్దేరాం. మేం ముగ్గురం టీచర్లం, ముగ్గురం కోయలమే. మాతోపాటు ఆ నలుగురిలో ఇద్దరు వచ్చారు.

చూసొచ్చి రాసిన వ్యాసం ఇది. యువకులు కోరుకున్నట్టు రాలేదు. ఆ బడివాళ్లు చదివినా సంతోషించరు. గూడెం పేరు, చర్చి పేరు రాయడం లేదు. అది అటవీ భూమిలో ఉన్న గూడెం. పేరు అచ్చులో పడితే ముందు ఇబ్బంది పడేది గూడెమే, బడి కాదు. పైగా మేం ఎత్తిచూపే తప్పు ఆ ఒక్క బడిది మాత్రమే కాదు.

దారి

ములుగు ఒకప్పుడు వరంగల్ జిల్లాలోదే. 2019లో వేరే జిల్లా అయింది. తాడ్వాయి, ఏటూరునాగారం అడవులు పాత కాగితాల్లో ఇంకా వరంగల్ పేరుతోనే కనబడతాయి. ఆ అడవి లోపల, తారు రోడ్డు వదిలి బండ్ల బాట పట్టి, ఒక వాగు దాటి వెళ్తే గూడెం వస్తుంది. వాగులో మోకాలి లోతు నీళ్లున్నాయి. వానాకాలంలో దాటలేమని గూడెం వాళ్లు చెప్పారు.

వాళ్లను బయటివాళ్లు గుత్తికోయలంటారు. వాళ్లు మాత్రం తమను కోయలమనే చెప్పుకుంటారు. ఛత్తీస్‌గఢ్‌లో 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు విడిచి గోదావరి ఇవతలికి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఈ గూడెం కూడా అట్లా వచ్చిందే. ఇప్పుడు బడిలో ఉన్న పిల్లలు ఇక్కడే పుట్టారు. ఇంట్లో మాట్లాడేది కోయ. తెలుగు సంతకు వెళ్లే మగవాళ్లకు, మిరపతోటల్లో కూలికి వెళ్లే ఆడవాళ్లకు కొంత వచ్చు. మూడేళ్ల పిల్లకు ఒక్క ముక్క రాదు.

దగ్గరలోని అంగన్‌వాడీ వాగు అవతల ఉంది. వానలు పడ్డాక ఇక్కడి పిల్లలు అక్కడికి పోలేరు. అందుకే చర్చివాళ్లు గూడెంలోనే రేకుల షెడ్డు వేసి బడి పెట్టారు. మా విమర్శకు ముందు ఒప్పుకోవాల్సిన మాట ఇది. మేం రాని చోటికి వాళ్లు వచ్చారు.

చూసింది

మేం వెళ్లేసరికి తొమ్మిదిన్నర. ఇరవైకి పైగా పిల్లలున్నారు. ముఖాలు కడిగి, తలలు దువ్వి ఉన్నాయి. ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి టీచర్. ఇంటర్ చదివింది. పిల్లలు ఆమెను మిస్ అంటారు. గూడెం ఆడమనిషి ఒకామె ఆయా. జావ కాచేది, ముక్కు తుడిచేది, ఏడిస్తే ఎత్తుకునేది ఆమె.

పిల్లలు లేచి గుడ్ మార్నింగ్ చెప్పారు. కళ్లు మూసుకొని చేతులు జోడించి ప్రార్థన చేశారు. తర్వాత బెల్లం వేసిన రాగిజావ తాగారు. ఒక నోటుపుస్తకంలో ప్రతి పిల్ల బరువు నెలనెలా రాసి ఉంది. మేం ఆ పుస్తకం మొత్తం తిరగేశాం. తూకాలు ఒకేసారి కూర్చొని నింపినవి కావు, సిరాలు వేరు, చేతిరాతలు వేరు. మా బడుల్లో రికార్డులు ఎట్లా తయారవుతాయో తెలిసినవాళ్లం కాబట్టి ఇది చెబుతున్నాం. ఒక పాప పేరు కింద రెండు నెలలు బరువు తగ్గినట్టుంది. ఆ పాపను పీహెచ్‌సీకి తీసుకెళ్లిన తేదీ పక్కనే రాసి ఉంది.

గోడ మీద చార్టులు. ఏ ఫర్ ఆపిల్. ఎస్ ఫర్ షిప్. రంగులు బాగున్నాయి. ఆపిల్‌ను ఆ పిల్లలు ఎప్పుడూ తినలేదు. షిప్ సంగతి చెప్పనక్కరలేదు. షెడ్డు బయట మోదుగు చెట్టు ఎర్రగా పూసి ఉంది. చింతచెట్టు కింద కాయలు రాలి ఉన్నాయి. ఆ రెండూ ఏ చార్టులోనూ లేవు.

అప్పుడు జరిగింది ఒక చిన్న సంగతి. ముందు వరుసలో కూర్చున్న పాప లేచి "ఏరు" అంది. టీచర్ ఆమెను కూర్చోబెట్టి, "ఏటి దగ్గరికి పోవద్దమ్మా, మునిగిపోతావు" అని మెల్లగానే చెప్పింది. పాప మళ్లీ "ఏరు, ఏరు" అంది. టీచర్ ఈసారి వేలు చూపించి, "వద్దు అని చెప్పానా" అంది. పాప ఏడవలేదు, కింద కూర్చొని నోరు మూసుకుంది.

కోయలో ఏరు అంటే నీళ్లు. పాపకు దాహం వేసింది.

ఆయా పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి గ్లాసుతో నీళ్లు ఇచ్చింది. టీచర్ నాలుక కరుచుకుంది. చెడ్డమనిషి కాదు. ఆమెకు ఎవరూ చెప్పలేదంతే. మాలో ఒకరికి ఆ మాట వెంటనే తెలిసింది. చిన్నప్పుడు నాయనమ్మ అట్లాగే అడిగేది. మిగతా ఇద్దరికి ఆయా నీళ్లు తెచ్చాకే అర్థమైంది. మేం ముగ్గురం కోయలమే అని పైన రాశాం. ఆ రోజు ఆ షెడ్డులో మాలో ఇద్దరికీ ఆ టీచర్‌కీ తేడా లేదు.

మధ్యాహ్నం విన్నది

పిల్లలు తిని పడుకున్నాక గూడెం ఆడవాళ్లు ఏడెనిమిది మంది షెడ్డులోకి వచ్చారు. మర్నాడు ఆదివారం ఆరాధన. పాటలు సాధన చేసుకోవడానికి వచ్చారు. పాస్టర్ గారు డోలు పట్టుకొని కూర్చున్నారు. పాటలన్నీ కోయలోనే. ఆయనది ఈ గూడెం కాదు, ఈ తెగ కాదు. పదేళ్లుగా ఈ గూడేల్లో తిరిగి కోయ నేర్చుకున్నారు. మాకంటే బాగా మాట్లాడతారు.

మా విమర్శ అంతా ఇక్కడ మొదలైంది. అదే షెడ్డు, అవే రేకులు. పొద్దున పిల్లలకు కోయ పనికిరాలేదు. మధ్యాహ్నం దేవుడికి కోయ పనికొచ్చింది. తల్లికి సువార్త చెప్పాలంటే ఆమె భాష నేర్చుకోవాల్సిందేనని వాళ్లకు తెలుసు. ఆమె బిడ్డకు లెక్క చెప్పాలంటే మాత్రం ఆ భాష అడ్డమనుకుంటున్నారు. పెద్దవాళ్ల మనసు తాకే మాట పిల్లల బుద్ధికి ఎందుకు తాకదు?

పాస్టర్ గారిని అదే అడిగాం. ఆయన కోపం తెచ్చుకోలేదు. "తల్లిదండ్రులే ఇంగ్లీషు కావాలంటున్నారు సార్. కోయ ఇంట్లో ఎట్లాగూ వస్తుంది కదా అంటున్నారు. మీ పిల్లలు ఏ బడిలో చదువుతున్నారు?" అన్నారు.

మా పిల్లలు హనుమకొండలో ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు. ఆ మాట చెప్పి ఊరుకున్నాం.

కొత్త సంగతి కాదు

చర్చివాళ్లు మారుమూల ఊళ్లో బడి పెట్టడం మన ప్రాంతానికి కొత్త కాదు. తిరునెల్వేలి వైపు తమిళుడైన వి.ఎస్. అజరయ్య 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చారు. 1912లో ఆంగ్లికన్ చర్చిలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. వచ్చాక తెలుగు నేర్చుకున్నారు. ఆయన హయాంలో ఊరూరా చిన్న బడులు నడిచాయి. పొద్దున పాఠం చెప్పిన పంతులే సాయంత్రం ప్రార్థన చేయించేవాడు. ఆ బడుల్లో ఎక్కువగా చదువుకున్నది మాల, మాదిగ పిల్లలు. ఊరి బడి గడప ఎక్కనివ్వని రోజుల్లో వాళ్లకు అక్షరం దొరికింది అక్కడే. డోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠ జరిగిన పెద్ద గుడిని చూసినవాళ్లకు తెలుసు, అందులో దేవాలయపు స్తంభాలూ ఉన్నాయి, మసీదు పోలికలూ ఉన్నాయి. ఇక్కడి మాట, ఇక్కడి తీరు తీసుకోకపోతే తాము ఇక్కడివాళ్లం కాలేమని అజరయ్యకు అర్థమైంది.

గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో కోయల కోసం మిషన్ అంతకు ముందే, పందొమ్మిదో శతాబ్దంలోనే మొదలైంది. అక్కడ చాలాకాలం పనిచేసిన జాన్ కెయిన్ కోయల జీవితం గురించి, వాళ్ల మాట గురించి రాశాడు. సువార్త భాగాలు కోయలో అచ్చయ్యాయి. మన భాషకు అచ్చు ముఖం చూపించిన తొలివాళ్లలో మిషన్‌వాళ్లున్నారు. ఒప్పుకుందాం. అయితే ఆ అచ్చు మత గ్రంథం కోసం జరిగింది. పిల్లల పలక దాకా రాలేదు.

ఇంకా వెనక్కి, ఇంకా దూరం పోతే అసలు కథ కనబడుతుంది. ఫ్రాన్స్‌లో వోజ్ కొండల్లో బాన్ ద లా రోష్ అనే బీద లోయ ఉంది. 1767లో ఒబెర్లిన్ అనే పాస్టర్ అక్కడికి వచ్చాడు. తల్లిదండ్రులు పనికి పోతే పసిపిల్లలు దిక్కులేక తిరుగుతున్నారని, ఊరి ఆడపిల్లలతో చిన్నపిల్లల బడులు పెట్టించాడు. ఐరోపాలో శిశుబడులకు మొదలు ఇదే అంటారు. పిల్లలు అక్కడ అల్లిక నేర్చుకున్నారు, మొక్కల పేర్లు నేర్చుకున్నారు, భక్తి పాటలు పాడారు. కొండవాళ్ల యాస మాని ఫ్రెంచి మాట్లాడటం కూడా నేర్చుకున్నారు. ఒబెర్లిన్ సొంత అన్న భాషా పండితుడు. ఆయన 1775లో అదే లోయ యాస మీద పుస్తకం వేశాడు. ఇంట్లో ఒకరు ఆ మాటను పుస్తకంలోకి ఎక్కిస్తుంటే, ఇంకొకరి బడి దాన్ని పిల్లల నోట్లోంచి దించుతోంది. ఇద్దరూ మంచివాళ్లే. మేం ఆ షెడ్డులో చూసింది కూడా ఇదే.

మతం మాట

ఇక యువకుల ఆరోపణకు వద్దాం. అందులో నిజం ఉందా? కొంత ఉంది. ఒక తల్లి మాకు చెప్పింది: గూడెంలో వేల్పు కొలుపు జరిగిన మర్నాడు, కొలుపుకు వెళ్లిన పిల్లలను నిలబెట్టి ఇక వెళ్లమని చెప్పించారట. టీచర్‌ను అడిగితే కాదనలేదు. ఇది తప్పు. నాలుగేళ్ల పిల్ల తన తాత డోలు విన్నందుకు బడిలో సిగ్గుపడాల్సి రావడం ఏ మతం పేరు మీదైనా తప్పే. మైనారిటీలు విద్యాసంస్థలు నడుపుకోవచ్చని రాజ్యాంగం 30వ అధికరణ చెబుతోంది. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో తల్లిదండ్రుల అనుమతి లేకుండా మతబోధకు కూర్చోబెట్టరాదని 28వ అధికరణ చెబుతోంది. ఈ షెడ్డు ఆ లెక్కలోకి రాకపోవచ్చు. అయినా ఆ నీతి దానికీ వర్తిస్తుంది. పాస్టర్ గారికి ఈ మాట ముఖం మీదే చెప్పాం.

కానీ అదే తల్లి ఇంకో మాట కూడా అంది: "దేవుడి సంగతి మేం చూసుకుంటం దాదా. జావ తాగిస్తుండ్రు, చూసుకుంటుండ్రు. మీరైతే ఇన్నేండ్లల్ల ఇదే మొదలు రావడం."

మా వెంట వచ్చిన యువకులు తల వంచుకున్నారు. మేమూ వంచుకున్నాం.

చర్చి బడి పిల్లల మతం మారుస్తోందని అనేముందు మన బడులు ఏం మార్చాయో లెక్క వేసుకుందాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో మాలో ఒకరు ఉంగి అనే పిల్ల పేరును రిజిస్టరులో ఉమ అని రాశారు. బాగుంటుందనే రాశారు. ఆ పిల్ల పదో తరగతి సర్టిఫికెట్‌లో కూడా ఉమే. ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె తల్లిని అడగలేదు. సరస్వతి పటం ముందు నిలబెట్టి పాడించినప్పుడు ఈ పిల్లల వేల్పు ఎవరని మనలో ఎవరు అడిగారు? మనం మార్చింది సంస్కారం, వాళ్లు మార్చింది మతమార్పిడి అంటే చెల్లదు.

ఒక విచిత్రం చెప్పుకోవాలి. జర్మనీలో ఫ్రోబెల్ 1840లో తన శిశుబడికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని అర్థం. 1851లో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్‌లను నిషేధించింది. కారణం, అవి పిల్లలకు నాస్తికత్వం నేర్పుతున్నాయని అనుమానం. 1860లో గానీ ఆ నిషేధం ఎత్తేయలేదు. అక్కడ దేవుడు లేడని భయం, ఇక్కడ వేరే దేవుడని భయం. రెండు చోట్లా పెద్దవాళ్లు దేవుడి గురించి తగాదా పడ్డారు. పిల్లకు దాహం వేస్తోందా అని చూసినవాళ్లు తక్కువ.

చేయవచ్చునని తెలుసు

ఇంటి భాషతో శిశుబడి నడపడం కుదిరే పనేనా అని డీఎడ్ చదివే యువకుడు తిరుగుదారిలో అడిగాడు. కుదిరింది. తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ 1945లో మహారాష్ట్రలోని బోర్డీలో పల్లెపిల్లల బడి మొదలుపెట్టారు. తర్వాత కోస్బాడ్ కొండకు మారి వార్లీ ఆదివాసీ పిల్లలతో పనిచేశారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకెళ్లారు. పశువులు కాసే పిల్లల కోసం పచ్చిక బయలులోనే పాఠం నడిపారు. గింజలు, రాళ్లు, ఆకులు వాళ్ల బోధన సామగ్రి. కొనాల్సినది తక్కువ.

మన దగ్గర 1943లో హైమండార్ఫ్ ఆదిలాబాద్ మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ శిక్షణ మొదలుపెట్టించాడు. గోండీలో వాచకాలు తయారయ్యాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులు మొదలయ్యాయి. 350ఎ అధికరణ, 2009 విద్యాహక్కు చట్టం, 2020 జాతీయ విద్యావిధానం, అన్నీ మొదటి తరగతుల్లో ఇంటి భాష ఉండాలనే చెబుతున్నాయి. మరోవైపు 2022-23 నుంచి మన ప్రభుత్వ బడుల్లోనే ఇంగ్లీషు మీడియం వచ్చింది. తల్లిదండ్రులు ఇంగ్లీషు అడగడం తప్పని మేం అనం. కూలి తప్పించుకునే దారి అదొక్కటే కనబడుతోంది వాళ్లకు. కానీ ఇంగ్లీషు రావాలంటే కోయ పోవాలని ఎవరు చెప్పారు? నోరు తెరవడానికి భయపడిన పిల్ల ఏ భాషా నేర్చుకోదు. ఆ పాప "ఏరు" అని రెండుసార్లు అంది. మూడోసారి అనలేదు. ఇట్లాంటి రోజులు కొన్ని గడిస్తే మనం ఆ పిల్లను మొద్దు అంటాం.

ఆ షెడ్డులో అసలు టీచర్ ఉంది. ఆమెకు ఆయా అని పేరు. పిల్లల మాట ఆమెకు తెలుసు, చెట్టు పేరు తెలుసు, కథ తెలుసు. ఆమెను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, ఆ మాట రానివాళ్లను బోర్డు దగ్గర నిలబెట్టాం. మన అంగన్‌వాడీల్లోనూ, ప్రాథమిక బడుల్లోనూ ఇదే వరస. పాస్టర్ గారితో మేం చివరికి అడిగింది ఒక్కటే. రోజుకు ఒక గంట ఆయా చేతికి పిల్లల్ని ఇవ్వండి, ఆమె కోయలో కథ చెబుతుంది, చింతగింజలతో లెక్కపెట్టిస్తుంది, ఆమెకు ఆ గంటకు టీచర్ జీతం ఇవ్వండి. కొలుపుకు వెళ్లిన పిల్లను మళ్లీ నిలబెట్టకండి. రెండో దానికి సరేనన్నారు. మొదటిదానికి పెద్దలను అడగాలన్నారు. చూద్దాం.

యువకులకు, టీచర్లకు

మా వెంట వచ్చిన డీఎడ్ యువకుడు ఇప్పుడు వీలున్న శనివారాల్లో ఆ గూడెం వెళ్తున్నాడు. ఆయా దగ్గర కూర్చొని మాటలు రాసుకుంటున్నాడు. నీళ్లు, ఆకలి, నొప్పి, నిద్ర, భయం, అమ్మ కావాలి. పసిపిల్ల మొదటి రోజు బడిలో అడగగలిగే మాటలు. ఎక్కువ లేవు, వంద లోపే. వాటిని తెలుగు లిపిలో ఒక కాగితం మీద రాసి షెడ్డు గోడకు అంటించాడు. ఆపిల్ చార్టు పక్కనే ఉంది. టీచర్ అమ్మాయి దాన్ని చూసి నేర్చుకుంటోందని చెప్పాడు.

ఈ వ్యాసం చదివే టీచర్లను మేం కోరేది కూడా అంతే. మీ బడికి ఏ భాష పిల్లలు వస్తున్నా, కోయ అయినా, గోండీ అయినా, లంబాడీ అయినా, ఆ మాటలు ఇంటి పెద్దలను అడిగి రాసుకోండి. రిజిస్టరులో పేరు రాసేముందు తల్లి ఎట్లా పిలుస్తుందో అడిగి అట్లాగే రాయండి. చర్చి బడిని, సర్కారు బడిని, ఎవరి బడినైనా అప్పుడు విమర్శిద్దాం. అప్పటిదాకా మనం రాసే విమర్శలో సగం మన మీదే పడుతుంది. ఈ వ్యాసంలో పడినట్టే.